పాటగాని బాట – సుద్దాల హనుమంతు, జమైకా రెగే : ఒక పరిశీలన

పాట లేని జాతి ప్రపంచంలో లేదు. నాట్లు వేసేటప్పుడు, తిరగలి త్రిప్పేటప్పుడు, బిడ్డను ఊయలలో ఊపేటప్పుడు, పీరీల పండుగనాడు గుండం చుట్టు తిరిగేటప్పుడు, బతుకమ్మ చుట్టు చప్పట్లు చరిచేటప్పుడు మన ప్రాంతపు ప్రజల నోట పాట పలుకుతూనే ఉన్నది. అయితే ఈ పాటల నడుమ నుండి ఒక్కొక్కప్పుడు ఒక మనిషి లేచి, అందరికి తెలిసిన బాణీలోనే ఎవరును అనని మాట అంటాడు. విన్నవారు ఉలిక్కిపడతారు. పాలకులు ఆ పాటను ఆపజూస్తారు. అట్టి పాటగాడు ఏ విధంగా తయారవుతాడు? తన పాట దేనికోసమో అతనికి ఎక్కడ తెలుస్తుంది? ఈ ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

ఇందుకు రెండు ఉదాహరణలు తీసికొన్నాము. మొదటిది సముద్రాలకు ఆవల ఉన్న జమైకా ద్వీపంలో పుట్టిన రెగే సంగీతం, దానిని లోకానికి వినిపించిన బాబ్ మార్లే జీవితం. రెండవది మన ఆలేరు నియోజకవర్గంలోనే ఉన్న గుండాల మండలపు సుద్దాల గ్రామం పేరును తన పేరుగా చేసికొన్న ప్రజాకవి హనుమంతు గారి జీవితం. ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నదని చెప్పుట మా ఉద్దేశం కాదు. ఎంతో దూరాన ఉన్న రెండు నేలలపై ఒకే విధమైన బాధ నుండి ఒకే విధమైన పాట ఏల పుట్టినదో తెలిసికొనుటయే మా ప్రయత్నం.

పరిశీలనకు అనువుగా నాలుగు ప్రశ్నలను ముందుంచుకొన్నాము. పాట ఎవరి కోసం? బాణీ ఎక్కడిది? ఆ పాటకు పాటగాడు చెల్లించిన వెల యేమి? అతని తరువాత దానిని మోసినవారెవరు? ఏ గాయకుని గూర్చి చదివినను విద్యార్థులు ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడవచ్చును.

రెగే అనగానేమి?

జమైకా కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపం. 1655లో ఆంగ్లేయుల చేతికి చిక్కినది. చెరకు తోటలలో పనిచేయుటకు ఆఫ్రికా ఖండం నుండి లక్షలాది ప్రజలను బానిసలుగా ఓడలలో తెచ్చినారు. 1838 ఆగస్టు 1న వారికి పూర్తి విముక్తి లభించినది. తోటల యజమానులకు కూలీలు కరువైనారు. అప్పుడు మన దేశం నుండి ఒప్పంద కూలీలను తరలించుట మొదలైనది. 1845లో మొదటి ఓడ ఆ ద్వీపానికి చేరినది. అనగా ఆ చెరకు తోటల మట్టిలో భారతీయుల చెమట కూడ కలిసి ఉన్నది. 1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్ర దేశమైనది.

స్వాతంత్ర్యం వచ్చినను పేదరికం పోలేదు. పల్లెల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారితో రాజధాని కింగ్‌స్టన్ నగరపు మురికివాడలు నిండినవి. ఆ వాడలలో ట్రెంచ్ టౌన్ అనునది ప్రసిద్ధమైనది. అక్కడివారికి సభామందిరాలలోని సంగీతం అందుబాటులో లేదు. పెద్ద పెద్ద లౌడు స్పీకర్లను వీధిలో నిలిపి, రికార్డులు వేసి, ఊరంతా ఆడి పాడే పద్ధతిని వారు ఏర్పరచుకొన్నారు. ఆ ద్వీపపు పల్లెపాట అయిన మెంటో, ఆఫ్రికా జ్ఞాపకాలు మోసే డప్పు వాయిద్యాలు, అమెరికా రేడియో నుండి విన్న పాటలు – ఇవన్నియు కలిసి 1960 ప్రాంతంలో స్కా అను వేగపు సంగీతంగా, 1966 ప్రాంతంలో దానికంటె నెమ్మదియైన రాక్‌స్టెడీగా, 1968 నాటికి రెగేగా రూపొందినవి.

రెగే లయను గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరం. మన భజనలలో, కోలాటంలో తాళపు మొదటి దెబ్బ మీద ఊనిక ఉంటుంది. పాడేవారందరు అక్కడ కలుస్తారు. రెగేలో సామాన్యంగా నాలుగు లెక్కల ఆవర్తనం ఉంటుంది. అందులో గిటారు రెండవ, నాలుగవ లెక్కల మీద తెగినట్లుగా మ్రోగుతుంది. ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో డ్రమ్ము వాయించేవాడు మొదటి లెక్కను ఖాళీగా వదలి, మూడవ లెక్క మీద బరువైన దెబ్బ వేస్తాడు. చెవి మొదటి దెబ్బ కోసం ఎదురుచూస్తుంది, అది రాదు. ఆ ఖాళీలో మంద్రస్థాయి గిటారు నడుస్తుంది, మాట స్పష్టంగా వినబడుతుంది. రెగేలో మాటకు అంతటి ప్రాముఖ్యం ఉండుటకు ఈ లయ నిర్మాణం కూడ ఒక కారణమని మేము భావిస్తున్నాము. ఇక భాష విషయం. పాఠశాలలో నేర్పే ఇంగ్లీషును ప్రక్కకు నెట్టి, చాలామంది గాయకులు వీధిలో మాట్లాడుకొనే జమైకా పలుకుబడినే పాటలోనికి తెచ్చినారు.

మార్లే నడచిన బాట

బాబ్ మార్లే 1945 ఫిబ్రవరి 6న సెయింట్ ఆన్ ప్రాంతంలోని నైన్ మైల్ అను పల్లెలో జన్మించినాడు. తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. బాల్యంలోనే తల్లితో ట్రెంచ్ టౌన్‌కు చేరినాడు. బడి మాని కొంతకాలం వెల్డింగు పని నేర్చుకొన్నాడు. ఆ వాడలోనే నివసించే జో హిగ్స్ అను గాయకుడు కుర్రవాళ్ళను తన వాకిట కూర్చోబెట్టుకొని స్వరం కలిపి పాడుట నేర్పేవాడు. మార్లే, పీటర్ టాష్, బన్నీ వైలర్ అట్లు ఆ వాకిట శిష్యులైనారు. మార్లే మొదటి రికార్డు 1962లో వచ్చినది. 1963లో మిత్రులతో కలిసి వైలర్స్ బృందాన్ని ఏర్పరచినాడు. ఆ బృందానికి పేరు తెచ్చిన తొలి పాట, కింగ్‌స్టన్ వీధులలో కత్తులతో తిరిగే కుర్రవాళ్ళను శాంతించమని చెప్పిన పాట. ఇది గమనింపదగిన విషయం. లోకం మొత్తాన్ని ఉద్ధరించుటకు అతడు మొదట పూనుకొనలేదు. తన వీధిలోని తన ఈడు వారితో మాట్లాడినాడు.

1973లో లండను రికార్డు సంస్థ ద్వారా వెలువడిన ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బముతో అతని పాట ద్వీపం దాటినది. పేరు పెరిగినకొలది ప్రమాదమును పెరిగినది. జమైకాలోని రెండు రాజకీయ పక్షాల మధ్య ఆ రోజులలో తుపాకుల పోరు సాగుతున్నది. 1976 డిసెంబరు 3న మార్లే ఇంటిపై కొందరు కాల్పులు జరిపినారు. అతనికి, అతని భార్యకు, మేనేజరుకు గాయాలైనవి. రెండు దినాల తరువాత, డిసెంబరు 5న, గాయంతోనే అతడు వేలాది ప్రజల ముందు నిలిచి పాడినాడు. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్‌లో జరిగిన శాంతి సభలో, ప్రత్యర్థులైన ప్రధాని మైకేల్ మాన్లీని, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగాను వేదిక మీదికి పిలిచి ఇద్దరి చేతులు కలిపించినాడు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్యోత్సవంలో పాడినాడు. 1981 మే 11న క్యాన్సరు వ్యాధితో, ముప్పది ఆరేండ్ల వయసులో మరణించినాడు. 2018లో ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ రెగేను మానవజాతి సాంస్కృతిక వారసత్వాలలో ఒకటిగా గుర్తించినది.

కింగ్‌స్టన్ సభలో కలిసిన ఆ చేతులు జమైకాలో హత్యలను ఆపలేకపోయినవన్న సంగతిని కూడ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1980 ఎన్నికల కాలంలో మరెందరో ప్రాణాలు కోల్పోయినారు. పాట శక్తిని గూర్చి మాట్లాడేటప్పుడు దాని హద్దును దాచరాదు.

మన నేల, మన కాలం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాము. ఆలేరు సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గంలోని పట్టణం. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. దీని ప్రక్కనే ప్రాచీన జైన క్షేత్రమైన కొలనుపాక ఉన్నది. నైజాం కాలంలో ఈ ప్రాంతపు పల్లెలు దేశ్‌ముఖుల, జాగీర్దారుల ఏలుబడిలో మ్రగ్గినవి. వెట్టి చాకిరి అనగా కూలి లేని పని. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, చాకలి మోత, గొల్ల గొర్రె, నేతవాని బట్ట – అన్నియు దొరగడికి ఉచితంగా చేరవలసినదే. బీదరైతు పిల్లవాడు పాలుత్రాగే వయసు దాటగానే దొర పశువుల వెంట జీతగాడై పోవలసినదే.

ఈ స్థితిపై కదలిక తెచ్చినది ఆంధ్రమహాసభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన మొదటి మహాసభ నాటికి అది విద్యావంతుల సంస్థ. 1944లో మన భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభతో అది పేదరైతుల సంస్థగా మారినది. ‘సంఘం’ అను మాట ఊరూరా ప్రాకినది. అంతకు ముందే దేశ్‌ముఖును ఎదిరించి భూమి కోసం పోరాడిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ హత్యకు గురియైనాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినాడు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగినది. కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు ఆ పోరాటంలో ముందు నిలిచినవారు. కమలాదేవి గారు 1952లో ఆలేరు నుండి శాసనసభకు ఎన్నికైనారు. హనుమంతు గారి పాట ఈ గాలిలో పుట్టినది.

సుద్దాల హనుమంతు గారు

హనుమంతు గారు 1908లో మోత్కూరు దగ్గరి పాలడుగు గ్రామంలో, నేత వృత్తికి చెందిన పద్మశాలి కులంలో జన్మించినారు. తరువాత సుద్దాల వారి ఊరైనది. పల్లెలలో ఆడే యక్షగానాలు, భాగవతాలు చిన్ననాటనే వారి చెవిని పట్టినవి. హైదరాబాదులో కొంతకాలం చిన్న సర్కారు కొలువు చేసినారు. ఆ కొలువును వదలి ఊరికి తిరిగి వచ్చి సంఘంలో చేరినారు. సంఘపు సందేశాన్ని పాటగా, ఆటగా కట్టి పల్లె పల్లెకు మోసినారు. 1982 అక్టోబరు 10న క్యాన్సరు వ్యాధితో కన్నుమూసినారు.

ఇక్కడ మనం నిలిచి ఆలోచించవలసిన అంశం ఒకటి ఉన్నది. హనుమంతు గారికి ఛందస్సు నేర్చి పద్యం వ్రాసే మార్గం తెరచియే ఉన్నది. ఆనాటి పత్రికలలో వ్యాసాలు వ్రాసే మార్గమును ఉన్నది. కాని ఆయన పాట చేరవలసినవారు అక్షరం రానివారు. పద్యం వారికి గుడి ముందరి పురాణంలో వినబడే దూరపు మాట. అందువలన ఆయన గొల్ల సుద్దులను, బుర్రకథను, యక్షగానాన్ని, పిట్టలదొర, ఫకీరు వంటి పగటి వేషాలను చేపట్టినారు. ‘వీర తెలంగాణ’ అను యక్షగానం రచించినారు.

గొల్ల సుద్దులనగా గొల్లల వేషంతో చెప్పే కథలు. భుజాన గొంగడి, చేత కర్ర, కాలికి గజ్జెలు. ప్రధాన కథకుడు ఒక చరణం పాడితే వంతలు అందుకొంటారు. నడుమ నడుమ ప్రశ్న వేస్తారు, వెక్కిరిస్తారు, నవ్విస్తారు. ఈ రూపానికి ఒక పెద్ద సౌకర్యం ఉన్నది. దొరను గూర్చి నేరుగా అనరాని మాటను వంతవాడు అమాయకంగా అడుగుతాడు. కథకుడు సమాధానం చెప్పుతాడు. చుట్టు కూర్చున్నవారు నవ్వుతారు. నవ్విన తరువాత వారికి భయం కొంత తగ్గుతుంది. పిట్టలదొర వేషంలోనూ ఇదే సౌకర్యం. చిరిగిన కోటు తొడిగి, కట్టె తుపాకి పట్టి, తనకు లేని ఆస్తిని గూర్చి కోతలు కోసే ఆ పాత్రను చూచినవారికి, అసలు దొర గొప్పతనం మీద కూడ అనుమానం కలుగుతుంది. పాలకులు భాషణను నిషేధించగలరు. ఊరివారికి తాతలనాటి నుండి తెలిసిన వేషాన్ని నిషేధించుట కష్టం. ట్రెంచ్ టౌన్ గాయకులు వీధి పలుకుబడిని ఎన్నుకొన్నట్లే, హనుమంతు గారు గొంగడిని ఎన్నుకొన్నారు.

ఒక పాట పరిశీలన

హనుమంతు గారి పాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘పల్లెటూరి పిల్లగాడా’. దొర పశువులను కాసే ఒక పసివానిని ఉద్దేశించి పాడిన పాట ఇది. ఇందులో దొరను తిట్టుట లేదు. పోరాడుమని పిలుపు కూడ పెద్ద గొంతుతో వినబడదు. పాటంతయు ఆ పిల్లవానిని పరామర్శించుటయే. తల్లిపాలు మరచి ఎంతకాలమైనది, చలిగాలికి గోనెచింపు కప్పుకొన్నావా, చినిగిన అంగీ ఒంటికి చాలినదా, మేతకు పోయిన పశువులు ఎటు పోయినవి, కాలిలో ముల్లు దిగినప్పుడు ఎట్లు ఓర్చుకొన్నావు – ఇట్టి ప్రశ్నలతో పాట నడుస్తుంది. నెల జీతంగా కొలిచే కుంచెడు గింజలలో తాలు కలిసి, కొలత తక్కువైన సంగతి కూడ అందులో వస్తుంది.

ఆ కుంచెడు గింజల మాటను విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. దోపిడి అను పెద్దమాటను కవి వాడి ఉండవచ్చును. వాడలేదు. గింజలలో తాలు కలిపిన సంగతి చెప్పినారు. ఆ కొలతను ఆ ఊరిలో ప్రతి జీతగాడు ఎరుగును; ఇంటికి పోయి చెరిగినప్పుడు మిగిలినదెంతయో ప్రతి తల్లి ఎరుగును. విన్నవాడు తన ఇంటి లెక్కను తానే వేసికొంటాడు. అందువలననే ఆ పాట నినాదంగా మిగిలిపోక, ఒక బిడ్డ ముఖంగా మనస్సులో నిలిచినది.

ఈ పాట ప్రయాణం కూడ తెలిసికొనదగినది. పోరాట కాలంలో అది నోటి నుండి నోటికి నడచినది. రికార్డు లేదు, రేడియో లేదు. చాలామంది పాడినారు గాని వ్రాసినవారెవరో అందరికి తెలియదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ చలనచిత్రంలో ఆ పాట చేరినది. గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు గారు, జి. రవీంద్రనాథ్ గారు నిర్మించిన ఆ చిత్రంలోనే, పోరాట వీరుడు బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడినారు. ముప్పది ఏండ్లకు పైగా జనం నోట బ్రతికిన పాట అట్లు తెరకెక్కినది. జీవిత చరమదశలో ఉన్న కవి తన పాట మరల ఊరూరా మ్రోగుట చూచినారు.

ఉర్దూ గొంతు, తెలుగు గొంతు

ఉర్దూ, తెలుగు రెండు భాషలును వినిపించే మన కళాశాలలో ఈ అంశం ప్రత్యేకంగా చెప్పుకొనదగినది. హనుమంతు గారు జన్మించిన 1908లోనే మెదకు జిల్లా ఆందోలులో మఖ్దూం మొహియుద్దీన్ జన్మించినారు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు సిటీ కళాశాలలో ఉర్దూ బోధించి, ఆ ఉద్యోగం వదలి కార్మికోద్యమంలో ప్రవేశించినారు. తెలంగాణ పోరాటాన్ని గూర్చి ఉర్దూలో కవిత వ్రాసినారు. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ అను సంపుటి ప్రకటించినారు. 1952లో మన పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్ నుండి ఉపఎన్నికలో శాసనసభకు ఎన్నికైనారు. ‘బిసాతె రక్స్’ అను గ్రంథానికి సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 1969వ సంవత్సరంలోనే ఆగస్టు 25న మరణించినారు.

ఒకరు ముషాయిరాలో నిలిచి నజ్మ్ చదివినారు. మరొకరు ఊరి చావడి ముందు గొంగడి వేసికొని సుద్ది చెప్పినారు. ఇద్దరును కొలువులను వదలినారు. ఇద్దరి పక్షమును ఒక్కటే. నైజాం సర్కారు భాష ఉర్దూ గనుక తెలంగాణ రైతు పోరాటం ఉర్దూకు ఎదురుగా సాగినదని కొందరు తలపోస్తారు. మఖ్దూం జీవితం ఆ తలపును సరిదిద్దుతున్నది. అట్లే షేక్ బందగీ బలిదానం సరిదిద్దుతున్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో వ్రాసిన ‘మా భూమి’ నాటకం ఈ పోరాటాన్ని కోస్తా జిల్లాల ప్రజలకు వినిపించినది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించినది. ప్రజానాట్యమండలిలో బుర్రకథకు కొత్త ప్రాణం పోసినవారు గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్. దూదేకుల కుటుంబంలో పుట్టి, తంబుర మీటుతూ పల్నాటి కథను, బొబ్బిలి కథను చెప్పిన ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది. బాణీకి కులమతాల గోడలు లేవనుటకు ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

పోలికలు, భేదాలు

ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలకు తిరిగి వద్దాము.

పాట ఎవరి కోసం? మార్లే తొలి శ్రోతలు ట్రెంచ్ టౌన్ కుర్రవాళ్ళు. హనుమంతు గారి శ్రోతలు వెట్టిచేసే పల్లెవాసులు. ఇద్దరును తమ ఎదుట కూర్చున్నవారిని ఎరిగి పాడినవారే.

బాణీ ఎక్కడిది? ఇద్దరి బాణీయు కూర్చున్నవారిదే. ఎవరి బాణీని ఎత్తుకొన్నారో వారి బాధను కూడ ఎత్తుకొనక తప్పలేదు. మా పరిశీలనలో తేలిన ముఖ్యాంశం ఇదియే. పాటగానికి తన ప్రయోజనం గ్రంథాలు చదివినందువలన మాత్రమే తెలియలేదు. వినువారి భాషలో, వారి లయలో పాట కట్టుటకు కూర్చున్నప్పుడు తెలిసినది.

వెల యేమి? ఒకరు తుపాకి గుండు తిన్నారు. మరొకరు నెల జీతపు భద్రతను వదలుకొన్నారు. ఇక్కడ ఒక భేదం ఉన్నది. మార్లేకు రికార్డు సంస్థ తోడై ధనమును, ప్రపంచఖ్యాతిని తెచ్చినది. హనుమంతు గారి పాటకు అంగడి లేదు, అది అమ్మబడలేదు. అందువలన ఆయన పేరు చాలాకాలం తన జిల్లా దాటలేదు, పాట మాత్రం దాటినది.

తరువాత మోసినవారెవరు? మార్లే పాటను రికార్డులు మోసినవి. హనుమంతు గారి పాటను జనం మోసినారు; తరువాత తరాల గాయకులు ఆ బాటను అందుకొన్నారు. 1972లో జననాట్యమండలితో గద్దర్ గొంగడి, కర్ర, గజ్జె ధరించి వేదిక నెక్కినారు. 2023 ఆగస్టు 6న మరణించే వరకు పాడినారు. పాలమూరు నేల నుండి గోరటి వెంకన్న గారు వచ్చినారు. ‘వల్లంకి తాళం’ కావ్యానికి వారికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. హనుమంతు గారి కుమారుడు అశోక్ తేజ గారు సినీగేయ రచయితగా ప్రసిద్ధులై, 2003 నాటి ‘ఠాగూర్’ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం పొందినారు. తల్లిదండ్రుల పేరిట సుద్దాల హనుమంతు–జానకమ్మ పురస్కారాన్ని నెలకొల్పినారు.

ఒక ఆక్షేపణ

ప్రయోజనం కోసం వ్రాసిన పాట కళ కాజాలదని, కాలం మారగానే అది వాడిపోతుందని కొందరు విమర్శకులు అంటారు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ప్రతి ఉద్యమంలోను వందలాది పాటలు పుట్టినవి. వాటిలో అధికభాగం సభ ముగియగానే ముగిసినవి. వెట్టి చాకిరి చట్టరీత్యా పోయినది, దేశ్‌ముఖుల గడీలు కూలినవి. అయినను పశువులకాపరి పాట ఏల నిలిచినది? మా అభిప్రాయం ఇది: వాడిపోయిన పాటలు శత్రువును గూర్చి పాడినవి. నిలిచిన పాట ఒక పిల్లవానిని చూచి పాడినది. శత్రువు మారిపోతాడు, బడికి పోవలసిన వయసులో పనికి పోయే పిల్లవాడు ఇటుక బట్టీల దగ్గర, హోటళ్ళ వెనుక, దుకాణాల ముందు నేటికిని మన కంటబడుచున్నాడు. ప్రయోజనం పాటను చంపదు. చూపు లేనిచోట ప్రయోజనం ఒక్కటే పాటను బ్రతికించలేదు.

విద్యార్థులకు మనవి

ఈనాడు మన ప్రాంతపు యువకులు సెల్‌ఫోనులో రెగే వింటున్నారు, ర్యాప్ వింటున్నారు, తామును పాటలు కట్టి లోకం ముందుంచుచున్నారు. ఇది సంతోషింపదగినది. దూరదేశపు లయను వినుట తప్పు కాదు. మార్లే కూడ అమెరికా రేడియో విన్నవాడే. అయితే అతడు విన్నదానిని తన వాడ పలుకుబడిలోనికి త్రిప్పుకొన్నాడు. మనవారు కూడ ఆ పని చేయవలెను. నూతనంగా పాట కట్టేవారు మేము చెప్పిన నాలుగు ప్రశ్నలలో మొదటి రెండింటికైనను సమాధానం వెతుకుకొన్న పిదప కలం పట్టవలెనని కోరుచున్నాము.

పాట కట్టనివారికిని ఒక పని ఉన్నది. మన ఇండ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు, నానీలు, దాదీలు ఉన్నారు. నాటుపాటలు, పెండ్లిపాటలు, పీరీల పాటలు, సుద్దులు వారి నోట ఉన్నవి. హనుమంతు గారు తన పాటకు బాణీలను తెచ్చుకొన్న గని అట్టిదే. అవి ఏ గ్రంథాలయంలోను పూర్తిగా లేవు. సెలవులలో ప్రతి విద్యార్థి తన ఇంటిలోని ఒక్క పాటను, అది తెలుగైనను ఉర్దూ అయినను, పాడినవారి పేరు, ఊరు, ఆ పాట పాడే సందర్భం తెలిపి వ్రాసికొని, గొంతును కూడ భద్రపరచి తెచ్చినచో, రెండు మూడేండ్లలో మన కళాశాలలో ఒక విలువైన సేకరణ తయారవుతుంది. ఇందుకు గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిష్టరు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయంగా కోరుచున్నాము. పెద్ద వ్యయం లేని పని ఇది. ఆలస్యం మాత్రం చేయరానిది, ఏలననగా ఆ గొంతులు ఏటేటా తగ్గిపోవుచున్నవి.

సుద్దాల గ్రామం మనకు దూరం కాదు. వీలున్న విద్యార్థులు అధ్యాపకులతో కలిసి ఒకమారు ఆ ఊరికి పోయి, అక్కడి వృద్ధులతో మాట్లాడి, పశువులకాపరి పాటను వారి నోట వినిరావలెనని ఆశించుచున్నాము.